మార్చ్‌లో వస్తుందని రాసింది నేనే, రాదని చెప్పాల్సిందీ నేనే

అక్కా,

నాకు 25 ఏళ్ళు. మాది హన్మకొండ. మాస్ కమ్యూనికేషన్ చదివి, ఏడాదిగా హైదరాబాద్‌లో ఒక చిన్న గేమ్ స్టూడియోలో కమ్యూనిటీ మేనేజర్‌గా (ఆటగాళ్ళతో స్టూడియో తరఫున మాట్లాడే పని) చేస్తున్నాను. మొత్తం తొమ్మిది మందిమి. గేమ్ గురించి ఆటగాళ్ళు మాట్లాడుకునే మా డిస్కార్డ్ (చాట్ యాప్) గ్రూపులో పదకొండు వేల మంది ఉన్నారు, ఎక్కువగా అమెరికా, యూరప్ వాళ్ళే. గేమ్ మార్చ్ చివర్లో విడుదల అని నేనే ప్రకటించాను. ఇప్పుడు ప్రోగ్రామర్లను అడిగితే జూన్‌కన్నా ముందు అవ్వదంటున్నారు. మా ఫౌండర్ అన్నేమో "ఇప్పుడే బయటపెట్టొద్దు, నువ్వు మేనేజ్ చెయ్" అంటాడు. పోయిన వారం ఒకతను తేదీ గురించి సూటిగా అడిగితే "అంతా అనుకున్నట్టే నడుస్తోంది" అని రాసేశాను. అప్పట్నుంచి నిద్ర లేదు. రాత్రి రెండింటికి కూడా ఫోన్ చూస్తూనే ఉన్నా. గేమ్‌లో చేసిన ఒక మార్పు నచ్చక ఇంకొకడు నా సొంత ఇన్‌స్టాకి వచ్చి బూతులు పెడుతున్నాడు. ఇంట్లో నాన్న "ఆటల కంపెనీలో చాటింగ్ కూడా ఒక ఉద్యోగమేనా" అంటాడు. మానేయమంటారా?

ఒక చెల్లెలు, హైదరాబాద్

చెల్లీ,

మానేయాలా వద్దా అన్నది ఈ వారం తేలాల్సిన సంగతి కాదు. ఈ వారం తేలాల్సింది నువ్వు రాసిన ఆ మూడు ముక్కలు: "అంతా అనుకున్నట్టే నడుస్తోంది." నీకు నిద్ర పట్టనిది వాటివల్లే. బూతులు పెట్టేవాడి గురించి నువ్వు చిరాగ్గా రాశావు, నాన్నగారి గురించి బాధగా రాశావు. ఈ వాక్యం దగ్గరికొచ్చేసరికి తప్పు చేసినదానిలా రాశావు. ఆ తేడా నాకు కనబడింది.

నేనూ పదేళ్ళు ఈ పనే చేశాను. అందుకని ముందు నా ఘనకార్యం ఒకటి చెప్తాను.

అప్పుడు మేం ఆరుగురం. నది మీద పడవల్లో సరుకులు చేరవేసే చిన్న గేమ్ మాది. విడుదలైన పన్నెండో రోజు ఒక అప్‌డేట్ పెట్టాం. మర్నాడు పొద్దున్న డిస్కార్డ్ తెరిస్తే, పోలండ్ నుంచి ఒకతను స్క్రీన్‌షాట్ పెట్టాడు. మెనూలో, ఆడిన ఆట దాచుకునే మూడు స్లాట్లూ ఖాళీ. కింద ఒకే లైను: "43 గంటలు ఆడాను. ఎక్కడికి పోయింది?" మధ్యాహ్నానికి అలాంటివాళ్ళు పద్నాలుగు మంది తేలారు. ప్రోగ్రామర్ దగ్గరికి పరిగెత్తాను. అతను తన కంప్యూటర్‌లో గేమ్ తెరిచి చూపించాడు. స్లాట్లు భేషుగ్గా ఉన్నాయి. "నా దగ్గర రావట్లేదు" అన్నాడు. (ఈ మాట నువ్వు ఇప్పటికే ఎన్నిసార్లు విన్నావో నేను ఊహించగలను.) ఒట్టి చేతులతో వెనక్కి వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు. పెద్ద తెలిసినదానిలా, "కొత్త గేమ్ ఒకటి మొదలుపెట్టి, బయటికొచ్చి మళ్ళీ చూడండి, చాలాసార్లు సర్దుకుంటుంది" అని రాశాను. అలా రాయమని నాకెవరూ చెప్పలేదు. నోటికొచ్చింది రాశానంతే.

రెండు రోజులకి కారణం దొరికింది. విండోస్‌లో యూజర్ పేరు పోలిష్, టర్కిష్ అక్షరాలతో ఉన్నవాళ్ళ ఫోల్డర్‌ని మా అప్‌డేట్ చదవలేకపోతోంది. ఫైళ్ళు ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉన్నాయి. మెనూకి కనబడట్లేదు, అంతే. చదవడం దగ్గరే తప్పు, రాయడం దగ్గర లేదు. కాబట్టి కొత్త గేమ్ మొదలుపెట్టిన ప్రతివాళ్ళ పాత ఫైలు మీదా కొత్త ఫైలు వచ్చి కూర్చుంది. నా మాట విన్నవాళ్ళ ఆట పోయింది. నన్ను తిట్టుకుంటూ, నేను చెప్పింది చెయ్యకుండా కూర్చున్నవాళ్ళకి మూడో రోజు ప్యాచ్‌తో (తప్పు సరిదిద్దే చిన్న అప్‌డేట్) మొత్తం తిరిగొచ్చింది. ఆ పోలండ్ అతను విన్నాడు. "థాంక్స్, ట్రై చేస్తా" అని స్మైలీ కూడా పెట్టాడు.

ఆ రోజు నేను రాయాల్సింది ఇది: "సేవ్ ఫైళ్ళు కనబడట్లేదని ఇప్పటిదాకా 14 మంది చెప్పారు. కారణం మాకింకా తెలియదు. తెలిసేదాకా కొత్త గేమ్ మొదలుపెట్టకండి. సాయంత్రం ఆరింటికి మళ్ళీ ఇక్కడే రాస్తాను, ఏమీ తేలకపోయినా రాస్తాను." ఇందులో గొప్ప భాషేమీ లేదు. తెలిసింది తెలిసినట్టు, తెలియంది తెలియనట్టు ఉంది. ఆ చివరి ముక్క, "ఏమీ తేలకపోయినా రాస్తాను", దాని విలువ నాకు ఆ తర్వాతే తెలిసింది. ఆరింటికి వచ్చి "ఇంకా దొరకలేదు, మళ్ళీ రాత్రి పదింటికి" అని రాస్తే జనం ఆశ్చర్యంగా నెమ్మదిస్తారు. ఎవరో ఒకరు పని మీద ఉన్నారని తెలిస్తే చాలు వాళ్ళకి.

నీ సంగతీ ఇదే. మనం అడకత్తెరలో పోకచెక్కలం. ఇటు తయారుచేసేవాళ్ళు, అటు ఆడేవాళ్ళు. రెండువైపులా మన మాట చెల్లినంత కాలమే మనకు పని ఉంటుంది. కోడ్ మన చేతిలో లేదు, బొమ్మలు మన చేతిలో లేవు, డబ్బు అసలే లేదు. ఉన్నది ఒక్క మాట. మీ ఫౌండర్ "మేనేజ్ చెయ్" అన్నప్పుడు ఖర్చు పెట్టమంటున్నది దాన్నే.

ఆలస్యం అంటే ఆడేవాళ్ళకి కోపమని మీ ఫౌండర్ అనుకుంటున్నాడు. శ్రావణ మాసంలో బ్లౌజు కుట్టించుకున్న ఏ ఆడమనిషినడిగినా అసలు సంగతి చెప్తుంది. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. మంగళవారం ఇస్తానన్న టైలర్, మంగళవారం వెళ్తే "రేపు రండి మేడమ్, కాజాలే మిగిలాయి" అంటాడు. బుధవారం వెళ్తే షాపులో కుర్రాడు మాత్రమే ఉంటాడు. గురువారం సాయంత్రం తెలుస్తుంది, గుడ్డ ఇంకా కత్తిరించనే లేదని. మొదటి రోజే "ఈ శుక్రవారానికి నావల్ల కాదమ్మా" అంటే ఇంకో షాపు చూసుకునేవాళ్ళం, లేదా పాత పట్టుచీర తీసేవాళ్ళం. వాడిమీద కోపం కుట్టనందుకు కాదు, మూడుసార్లు తిప్పినందుకు. ప్రస్తుతం నువ్వు "కాజాలే మిగిలాయి" దగ్గర ఉన్నావు. గురువారం ఇంకా రాలేదు కాబట్టి బయటపడే దారి ఉంది.

ఇక్కడ మీ ఫౌండర్ ఒక ఉదాహరణ చూపిస్తాడు, ముందే చెప్తున్నా. ఈ ఫీల్డ్‌లో ఏమీ మాట్లాడకూడదనుకునే ప్రతి యజమానీ దాన్నే చూపిస్తాడు: నో మ్యాన్స్ స్కై. ఇంగ్లండ్‌లోని గిల్డ్‌ఫర్డ్‌లో హలో గేమ్స్ అనే చిన్న టీమ్ చేసిన గేమ్. 2016 జూన్‌లో రావాల్సింది ఆగస్టుకి జరిగింది. రెండు నెలలంటే రెండు నెలలే. దానికే చంపుతామన్న బెదిరింపులు వచ్చాయని స్టూడియో అధిపతి షాన్ మర్రే స్వయంగా చెప్పాడు. తీరా విడుదలయ్యాక, విడుదలకి ముందు ఇంటర్వ్యూల్లో విని జనం ఆశపెట్టుకున్నవి చాలా అందులో కనిపించలేదు. ఇద్దరు ఆటగాళ్ళు ఒకే గ్రహం మీద ఒకే చోటికి చేరుకుని, ఒకరికొకరు కనబడక తెల్లబోయారు. గొడవ గొడవ అయింది. స్టూడియో నోరు మూసుకుంది. నవంబరులో పెద్ద అప్‌డేట్‌తో వచ్చారు. అప్పట్నుంచి డబ్బు అడక్కుండా అప్‌డేట్ మీద అప్‌డేట్ ఇస్తూనే ఉన్నారు. కలిసి ఆడే ఏర్పాటు సరిగ్గా వచ్చింది 2018 జూలైలో. గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో మొత్తం రివ్యూలు "వెరీ పాజిటివ్"కి చేరేసరికి 2024 వచ్చింది.

దీన్ని పట్టుకుని "చూశావా, మాట్లాడకుండా పని చేసుకుంటే గెలిచారు" అంటారు. కాస్త ఆగి చూడాలి. వాళ్ళు నోరు మూసుకోకముందే గేమ్ లక్షల్లో అమ్ముడైంది. ఏళ్ళ తరబడి జీతాలిచ్చి అప్‌డేట్లు చేయగల డబ్బు చేతిలో ఉంది. మీరు ఇంకా ఒక్క కాపీ అమ్మలేదు. పైగా వాళ్ళు మౌనంగా ఉండటం వేరు, నువ్వు అబద్ధం రాయడం వేరు. ఆ గొడవకి మూలం మౌనం కాదు, అంతకుముందు ఎక్కువ మాట్లాడటం.

నీకు అసలైన ఉదాహరణ ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఉంది. టీమ్ చెర్రీ అని ముగ్గురు నలుగురు ఉండే స్టూడియో. హాలో నైట్ తీసి 2017లో పేరు తెచ్చుకున్నారు. దాని తర్వాతి గేమ్ సిల్క్‌సాంగ్‌ని 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. 2022 జూన్‌లో ఎక్స్‌బాక్స్ వాళ్ళు తమ షోలో దాన్ని చూపించి, అక్కడ చూపించినవన్నీ ఏడాదిలోపు ఆడుకోవచ్చన్నారు. ఆ ఏడాది గడువు ముగియబోతుండగా, 2023 మేలో, స్టూడియో తరఫున మాట్లాడే వ్యక్తి ఒక చిన్న పోస్టు పెట్టాడు. దాని సారం: ఈ ఏడాది మొదటి సగంలో ఇద్దామనుకున్నాం, పని ఇంకా సాగుతోంది, గేమ్ బాగా పెద్దదైంది, టైమ్ తీసుకుని బాగా చేస్తాం, విడుదల దగ్గరపడ్డాక వివరాలు చెప్తాం. అంతే. కొత్త తేదీ లేదు. గమనించావా? "డిసెంబరులో వచ్చేస్తుంది" అని ఊరించలేదు. అలా రాసి ఉంటే డిసెంబరులో మళ్ళీ ఇదే పాట పాడాల్సి వచ్చేది, ఎందుకంటే గేమ్ నిజంగా వచ్చింది 2025 సెప్టెంబరు 4న. ఆ తేదీని వాళ్ళు బయటపెట్టింది ఆగస్టు 21న, సరిగ్గా రెండు వారాల ముందు. జనం ఏమైనా దూరమయ్యారా అంటే, విడుదల రోజు కొనేవాళ్ళ తాకిడికి స్టీమ్‌తో సహా ఆన్‌లైన్ స్టోర్లు కాసేపు పడిపోయాయి. అంత పేరు నీ గేమ్‌కి లేకపోవచ్చు, ఆ మధ్యకాలంలో వాళ్ళ అభిమానులు పిచ్చెక్కిపోయిన మాట కూడా నిజమే. అయినా ఆ 2023 పోస్టు మాత్రం దాచుకుని చదువుకో.

చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం పరువు తక్కువని మీవాళ్ళు అనుకుంటే అమాంగ్ అస్ సంగతి చెప్పు. లాక్‌డౌన్ రోజుల్లో మన పిల్లలు కూడా వెర్రిగా ఆడిన గేమే. 2018లో వచ్చి, రెండేళ్ళు ఎవరికీ పట్టకుండా ఉండి, 2020లో ఒక్కసారిగా పేలింది. ఆగస్టులో "అమాంగ్ అస్ 2 చేస్తున్నాం" అన్నారు. సెప్టెంబరులోనే "లేదు, అది ఆపేసి ఉన్నదాన్నే బాగుచేస్తాం" అన్నారు. చిన్న టీమ్, మొదటి గేమ్‌నే అంతమంది ఆడుతున్నారు, కారణం అందరికీ అర్థమైంది. ఎవరూ వాళ్ళని అబద్ధాలకోరులనలేదు.

ఇప్పుడు మీ ఫౌండర్‌తో మాట్లాడటం. వాట్సాప్‌లో వద్దు, కూర్చుని మాట్లాడు. "నాకు టెన్షన్‌గా ఉంది" అని మొదలుపెట్టకు. టెన్షన్ అందరికీ ఉంది, అతనికి ఇంకా ఎక్కువ ఉండుంటుంది. జీతాలిచ్చేది అతను. వెళ్ళేముందు ఒక కాగితం తయారుచేసుకో. పోయిన రెండు వారాల్లో తేదీ గురించి ఎంతమంది అడిగారో డిస్కార్డ్‌లో వెతికి లెక్కపెట్టు. మార్చ్ అని ఇప్పటికే ఎవరెవరికి చెప్పామో రాయి: స్టీమ్ పేజీ, పబ్లిషర్ ఉంటే పబ్లిషర్, ముందస్తు కీలు (విడుదలకి ముందే గేమ్ తెరిచే కోడ్‌లు) ఇచ్చిన స్ట్రీమర్లు (ఆడుతూ వీడియోలు చేసేవాళ్ళు), రాయమని అడిగిన వెబ్‌సైట్లు. ఈ రెండో జాబితా చూశాకే చాలామంది యజమానులకు కళ్ళు తెరుచుకుంటాయి. మార్చ్ ఆఖరి వారంలో వీడియో చేద్దామని ఖాళీ పెట్టుకున్న స్ట్రీమర్‌కి మార్చ్ ఇరవైన చెప్తే, జూన్‌లో అతను మన మెయిల్ తెరవడు.

ఇంకో రెండు సంగతులు అతనికి తెలిసే ఉంటాయి, గుర్తుచెయ్యి చాలు. స్టీమ్‌లో విడుదల తేదీ రెండు వారాల్లోపుకి వచ్చేస్తే దాన్ని మనంతట మనం మార్చలేం. స్టీమ్ వాళ్ళకి రాసి బతిమాలుకోవాలి. ఎలాగోలా మార్చ్‌లోనే తోసేద్దామనుకుంటే, తర్వాత కొందామని విష్‌లిస్ట్‌లో పెట్టుకున్నవాళ్ళకి స్టీమ్ పంపే విడుదల మెయిల్ సగం ఉడికిన గేమ్ కోసం ఖర్చైపోతుంది. కొన్నవాళ్ళు రెండు గంటల్లోపు ఆడి, పద్నాలుగు రోజుల్లోపు అడిగితే డబ్బు వెనక్కి వెళ్ళిపోతుంది. వాళ్ళు రాసిన రివ్యూ మాత్రం పేజీ మీదే ఉంటుంది.

ఆ తర్వాత నువ్వు ముందే రాసి పెట్టుకున్న ప్రకటన అతని ముందు పెట్టు. "ఏం రాద్దాం?" అని అడిగితే వాయిదా పడుతుంది. రాసింది ఎదురుగా ఉంటే చెయ్యి దానంతటదే దిద్దడానికి వెళ్తుంది. నేనైతే ఇలా రాస్తాను, నువ్వు మీ ఇంగ్లిష్‌లోకి మార్చుకో:

"గేమ్ మార్చ్‌లో రావట్లేదు. చివరి రెండు భాగాల్లో ఉన్న సమస్యలు మేం అనుకున్నదానికన్నా పెద్దవి, వాటితో విడుదల చేయడం మాకు ఇష్టం లేదు. కొత్త తేదీ ఇప్పుడు చెప్పట్లేదు, ఖాయమయ్యాకే చెప్తాం. నెలకోసారి, మొదటి శుక్రవారం, పని ఎక్కడిదాకా వచ్చిందో ఇక్కడ చూపిస్తాం. పోయిన వారం ఇదే ఛానెల్‌లో నేను అంతా అనుకున్నట్టే నడుస్తోందని రాశాను. అది సరికాదు. అలా రాసి ఉండకూడదు. క్షమించండి."

జూన్ అని రాయొద్దు. ప్రోగ్రామర్లు "జూన్‌కన్నా ముందు అవ్వదు" అన్నారు కానీ "జూన్‌లో అవుతుంది" అనలేదు, ఈ రెండింటి మధ్య ఎన్ని స్టూడియోలు మునిగాయో. చివరి నాలుగు వాక్యాలు తీసేద్దామని మీ ఫౌండర్ అంటాడు. తీయనివ్వకు. అవి నీవి. అలాగని "మావాళ్ళు చెప్పొద్దన్నారు" అని మాత్రం ఎక్కడా రాయకు, మోడరేటర్లకి (డిస్కార్డ్‌లో గొడవలు అదుపులో పెట్టేవాళ్ళకి) చెవిలో కూడా చెప్పకు. ఆ మాట గంటలో స్క్రీన్‌షాట్ అవుతుంది, ఆపైన ఆఫీసులో నీకు ఎవరూ ఏదీ చెప్పరు. అప్పుడు నిజం రాద్దామన్నా నీ దగ్గర ఉండదు.

చెప్పే వరస కూడా చూసుకో. ముందు మీ తొమ్మిది మందికీ, తర్వాత పబ్లిషర్‌కీ, స్ట్రీమర్లకీ. మోడరేటర్లకి ఒక గంట ముందు. ఆ తర్వాత డిస్కార్డ్, స్టీమ్ అన్నీ ఒకేసారి. పోస్ట్ చేశాక ఛానెల్‌లో స్లోమోడ్ (ఒక్కొక్కరూ ఆగి ఆగి మాత్రమే రాయగలిగే ఏర్పాటు) పెట్టి, రెండు గంటలు కుర్చీలోంచి కదలకు. మంగళవారమో బుధవారమో పెట్టుకో. శుక్రవారం సాయంత్రం పెట్టి ఇంటికి పారిపోయేవాళ్ళని చూశాను, సోమవారం వచ్చేసరికి ఊరంతా తగలబడి ఉంటుంది.

అతను ఒప్పుకోకపోతే? అలాగే జరగొచ్చు. అప్పుడు కూడా నీకొక దారుంది. ఎవరైనా అడిగితే, "తేదీ గురించి ఇప్పుడు నేనేమీ చెప్పలేను. కొత్త సంగతి ఉంటే ముందు ఇక్కడే చెప్తాను" అని రాయి. ఇందులో అబద్ధం లేదు. చదివినవాళ్ళు ఆలస్యమని ఊహిస్తారు, ఊహించనీ. కర్ర విరగదు, పాము చావదు. కానీ ఇది రెండు మూడు వారాలకి మించి నిలవదు. అతనికి మాత్రం స్పష్టంగా, మెయిల్‌లో, గొడవ లేకుండా రాసి పెట్టు: "తప్పని తెలిసిన తేదీని నేను మళ్ళీ రాయలేను అన్నా."

రాత్రి రెండింటి ఫోన్ సంగతి. అమెరికాలో ఉన్న నీ ఆటగాళ్ళకి అది మధ్యాహ్నం. వాళ్ళ మధ్యాహ్నం ప్రతిరోజూ వస్తుంది, నువ్వు ఎన్ని రాత్రులు మేలుకున్నా అయిపోదు. నీ పని గంటలు ఛానెల్‌లో పిన్ చెయ్యి, భారత కాలమానం అని రాసి మరీ. పడుకునేముందు డిస్కార్డ్ నోటిఫికేషన్లు ఆపు. అమెరికాలో నమ్మకమైన మోడరేటర్‌ని ఒకరిని చూసుకుని, నిజంగా కొంప మునిగితేనే ఫోన్ చెయ్యమను. కొంప మునగడం అంటే ఏమిటో కూడా రాసివ్వు: గేమ్ తెరుచుకోకపోవడం, సేవ్ ఫైళ్ళు పోవడం, ఎవరైనా ఎవరినైనా బెదిరించడం. తేదీ గురించి గొడవ అందులోకి రాదు. విడుదల రోజు ఒక్కటి వేరు. స్టీమ్‌లో చాలామంది అమెరికా పడమటి తీరం టైమ్ ప్రకారం పొద్దున పదింటికి విడుదల చేస్తారు. మనకది వేసవిలో రాత్రి పదిన్నర. ఆ రోజు మధ్యాహ్నం ఆఫీసుకి వెళ్ళకు, ఇంట్లో పడుకో. ఇది ఇప్పుడే అడిగి పెట్టుకో.

మోడరేటర్ల గురించి ఒక మాట. డిస్కార్డ్‌లో తమ పేరు రంగు మారిందన్న సంబరంతో పందొమ్మిదేళ్ళ పిల్లలు ఊరికే చాకిరీ చేస్తుంటారు. వాళ్ళని జీతగాళ్ళలా వాడకు.

ఇన్‌స్టాలోకి వచ్చినవాడి సంగతి. జవాబివ్వకు, ఒక్క అక్షరం కూడా. బ్లాక్ చేసే ముందు అకౌంట్ పేరు, తేదీ కనబడేలా ప్రతి మెసేజ్‌కీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టు. ఆ తర్వాత బ్లాక్. ఫౌండర్‌కి చూపించు. ఇది నీ సొంత గొడవ కాదు, నీ ఉద్యోగంవల్ల వచ్చింది కాబట్టి ఆఫీసు సంగతి. డిస్కార్డ్ నుంచి అతన్ని తీసేసేది కూడా నీ పేరుతో కాదు, స్టూడియో పేరుతో జరగాలి. బెదిరింపు, ఇంటి అడ్రస్, ఫొటోలు లాంటి మాట ఒక్కటి వచ్చినా ఆగకు. కేంద్ర ప్రభుత్వం సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు. హైదరాబాద్‌లో 2014 నుంచి షీ టీమ్స్ ఉన్నాయి, ఇలాంటివి వాళ్ళకి కొత్త కాదు. పని కోసం వేరే అకౌంట్ తెరువు, ఇంటిపేరు లేకుండా.

అయితే వాడు తిట్టిన మార్పుని మాత్రం వాడితో పాటు బయటికి గెంటేయకు. అదే మాట మర్యాదగా ఇంకెంతమంది అన్నారో చూడు. 2021లో కెనడాలోని మాంట్రియల్‌లో కిట్‌ఫాక్స్ అనే స్టూడియో బాయ్‌ఫ్రెండ్ డంజన్ అనే గేమ్ తెచ్చింది. అందులో ఒక పాత్ర హీరోని వెంటాడి వేధిస్తుంది. మొదట్లో చూపించిన హెచ్చరిక అంత గట్టిగా లేదని ఆటగాళ్ళు అన్నారు. స్టూడియో ఒప్పుకుని హెచ్చరిక మార్చింది. అదే సమయంలో కొందరు ఆ పాత్రకి గొంతిచ్చిన నటుడి మీద పడ్డారు. అతన్ని వదిలేయమని స్టూడియో గట్టిగా చెప్పింది. ఫిర్యాదుకి తలుపు తెరిచారు, దాడికి మూశారు. నువ్వు డెవలపర్ల దగ్గరికి వెళ్ళినప్పుడు "చాలామంది అంటున్నారు" అనకు, వాళ్ళకి ఒళ్ళు మండుతుంది. "ఈ వారం 31 మంది, అందులో 22 మంది మూడో లెవెల్ దగ్గరే" అను. కాగితం తీసుకుంటారు.

ఇక మానేయడం. ఫౌండర్‌తో మాట్లాడాక ఒక నెల చూడు. తెలిసి తెలిసి అబద్ధం రాయమని రెండోసారి అడిగితే వేరే చోటు వెతుక్కో, ఎందుకంటే మూడోసారీ అడుగుతాడు. వెతుక్కున్నాకే రాజీనామా. 2023, 2024ల్లో ప్రపంచమంతటా గేమ్ కంపెనీలు వేలమందిని తీసేశాయి, నీలాంటి ఉద్యోగం చేసే చాలామంది ఇంకా ఖాళీగా ఉన్నారు. గేమ్‌లు తయారుచేసేవాళ్ళంతా కలిసే ఐజీడీసీ సమావేశం 2024లో మన హైదరాబాద్‌లోనే జరిగింది, 2025లో చెన్నైకి వెళ్ళింది. ఎక్కడ జరిగినా ఒక రోజు వెళ్ళిరా. పని దొరుకుతుందని కాదు, ఇదే పని చేసే ఇంకో నలుగురు కనబడతారు. తొమ్మిది మంది ఆఫీసులో నీ పని చేసేది నువ్వొక్కదానివే. నీ బాధ సగం అక్కడే ఉంది.

నాన్నగారికి గేమింగ్ కంపెనీ అంటే రమ్మీ గుర్తొస్తుందేమో, కనుక్కున్నావా? మా ఇంట్లో ఏళ్ళపాటు అదే అనుమానం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా దేశమంతటికీ చట్టం చేసింది. పేపర్లో ఆ వార్తలన్నీ "ఆన్‌లైన్ గేమింగ్" అనే వచ్చాయి. మీది ఒకసారి కొనుక్కుని ఆడుకునే గేమ్ అని, అందులో పందెం లేదని కూర్చోబెట్టి చూపించు. మొదటి లెవెల్ ఆయన చేతికే ఇచ్చి ఆడించు.

అలాగే గేమ్ చివర్లో వచ్చే పేర్ల జాబితాలో నీ పేరు ఎక్కడ వేస్తున్నారో ఇప్పుడే అడుగు. కమ్యూనిటీ చూసేవాళ్ళని చాలా చిన్న స్టూడియోలు "స్పెషల్ థాంక్స్" కింద, ఫౌండర్‌గారి పిల్లి పేరు పక్కన పడేస్తాయి. నీ హోదాతో, ప్రోగ్రామర్ల కిందే, పూర్తి పేరుతో వేయించుకో. అక్కడ ఇంటిపేరు ఉన్నా పర్వాలేదు, నాన్నగారు వెతికేది దాన్నే.